పెల్‌గార్తుల పటం

లెస్టర్
1981 అక్టోబరు 4

ప్రియమైన మ్యూరియల్,

నీ భర్త పోయినప్పుడు రాసిన ఉత్తరం తర్వాత మళ్ళీ ఇదే. మూడేళ్ళయింది. పైగా ఇప్పుడు కూడా పని పడి రాస్తున్నాను కాబట్టి, తిట్టదలుచుకుంటే మొదటి పేజీలోనే తిట్టేసి రెండో పేజీకి రా.

రైల్వే వాళ్ళు నన్ను ఇంటికి పంపి ఎనిమిది నెలలైంది. మా ఆవిడ డోరీన్ బతికుంటే గోడలకి రంగులు వేయించేది. తను లేదు, పని లేదు, ఏమీ తోచక ఒక పిచ్చి పట్టుకుంది. అది మా ఇంటిపేరు పిచ్చి. లైబ్రరీలో కూర్చుని దేశంలోని టెలిఫోన్ డైరెక్టరీలన్నీ తిరగేశాను. మొత్తం బ్రిటన్‌లో పెల్‌గార్తులు ఎంతమందో చెప్పుకో చూద్దాం. ముప్ఫై ఒక్కరు! లండన్ వెళ్ళి జనన మరణాల పుస్తకాలూ చూసొచ్చాను. నూరేళ్ళ కిందట ఏటా ఐదారుగురు పెల్‌గార్తులు పుట్టేవారు. ఈ పదేళ్ళలో పుట్టింది ముగ్గురే. ఎక్కడికి పోయాం మేము? యుద్ధాలు అందరి ఇళ్ళకీ వచ్చాయి కదా, మా ఇంటికే ఎక్కువ వచ్చిందా?

ముప్ఫై ఒక్కరికీ ఉత్తరాలు రాశాను. మీ తాత ఎక్కడ పుట్టాడు, ఏం పని చేశాడు, ఏ వయసులో పోయాడు అని అడిగాను. మన మార్స్‌బీ సంగతి మాత్రం నువ్వే చూడాలి. చర్చిలో పూలు పెడుతున్నావు కాబట్టి రిజిస్టర్ల పెట్టె తాళం నీ చేతిలోనే ఉంటుంది. వచ్చే వేసవిలో కౌంటీ రికార్డుల ఆఫీసు వాళ్ళు వ్యాను తెచ్చి పాత రిజిస్టర్లన్నీ పట్టుకుపోతారట. ఈలోగా నాకో సాయం చెయ్యవూ?

సీలియా బాగానే ఉంది. పెళ్ళై ఐదేళ్ళయినా నన్నింకా తాతని చెయ్యలేదు.

ఎప్పటికీ నీ స్నేహితుడు,
గిల్బర్ట్


మార్స్‌బీ
అక్టోబరు 13

ప్రియమైన గిల్బర్ట్,

తిట్టడం పూర్తయింది. ఆ కాగితం పొయ్యిలో వేశాను, కనుక ఇది రెండో పేజీ.

పాస్టరు గారిని అడిగాను. "టీ కప్పు మాత్రం ఆ పుస్తకాల దగ్గరికి తీసుకెళ్ళకండమ్మా" అన్నారు. ఆ గది అసలే మంచుగడ్డ. నిన్న గంట కూర్చునేసరికి వేళ్ళు నా మాట వినడం మానేశాయి. ఈ సిరా మరకలన్నీ దాని పుణ్యమే.

మీ వాళ్ళ పేరు మొదటిసారి 1702లో కనిపించింది. చిత్తడి నేలల్లో కాలవలు తవ్వడానికి వచ్చిన కూలీ ఒకడు. ఎక్కడి నుంచి వచ్చాడో రాయలేదు. అక్కడి నుంచి పేజీకో పెల్‌గార్త్. మీరంతా ఒకప్పుడు ఈ ఊరిని ఏలారంటే నమ్మబుద్ధి కాదు. ఇప్పుడు సమాధి రాళ్ళ మీద తప్ప ఇక్కడ మీ పేరు లేదు.

పెళ్ళిళ్ళకి పాత పాస్టరు ఎవరో విడిగా ఒక సూచిక రాసిపెట్టాడు. వధువుల పేర్లు ఒక వరసలో, వరుల పేర్లు ఒక వరసలో ఉన్నాయి. నీకు ఆడపిల్లలు కూడా కావాలా, మగవాళ్ళు చాలా?

రాబిన్ గ్రిమ్స్‌బీలోనే ఉన్నాడు. చేపల పని పోయాక బస్సు నడుపుతున్నాడు. ఇద్దరు పిల్లలు. మూడోవాళ్ళు కావాలని కోడలికి కోరిక.

నీ,
మ్యూరియల్


లెస్టర్
నవంబరు 22

ప్రియమైన మ్యూరియల్,

నీ రాత చూసి సీలియా "నాన్నా, ఈవిడ బడి పంతులమ్మగా పనిచేశారంటే నమ్మమంటావా?" అంది. నిజంగానే కోడి గీకినట్టుంది. కొత్త కళ్ళజోడు చేయించుకో తల్లీ.

భోజనాల గది గోడకి బ్రిటన్ పటం అంటించాను. ప్రతి పెల్‌గార్త్‌కీ ఒక ఎర్ర గుండుసూది. ఎంత ముద్దుగా ఉందో! మార్స్‌బీ చుట్టూ పాత గుంపు. అక్కడి నుంచి ఒక పాయ ఉత్తరాన డర్హమ్ బొగ్గు గనులకి, ఒకటి హల్ రేవుకి పోయాయి. మా ముత్తాత జొసాయా ఒక్కడే బూట్ల ఫ్యాక్టరీలో పని వెతుక్కుంటూ లెస్టర్ వచ్చాడు. మా తాత మళ్ళీ మార్స్‌బీకే చేరాడనుకో. ఈ జొసాయా బాప్తిస్మం మాత్రం ఎక్కడా దొరకడం లేదు. ఏమస్ పెల్‌గార్త్ కొడుకని జనాభా లెక్కల్లో ఉంది, చర్చి రిజిస్టరు పెల్‌గార్తుల్లో లేదు. వెతికి పెట్టు.

ఆడపిల్లల గురించి అడిగావు. ఒక్కొక్కరికీ ఒక చీటీ రాస్తాను. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారిపోతుంది కాబట్టి పెళ్ళి సంవత్సరం వేసి, కింద నీలి సిరాతో గీత కొట్టి, బూట్ల అట్టపెట్టెలో పడేస్తాను. ఇంటిపేర్లు వెతికేవాళ్ళందరం ఇంతే చేస్తాం, లేకపోతే దేశం మొత్తం నా గోడెక్కాల్సి వస్తుంది. సూచికలో సంవత్సరం చూసి పంపు చాలు. మొగుళ్ళ కోసం పెద్ద పుస్తకం తెరవకు.

ఒక్కటే నచ్చని సంగతి ఉంది. తొమ్మిది జవాబులొచ్చాయి. ఏ వయసులో పోయాడు అన్న దగ్గర 46, 51, 44, 49 అని ఉంది. ఇద్దరు పిచ్చాసుపత్రిలో పోయారు. అలాంటి ఇళ్ళ సూదులకి నల్లరంగు పూశాను, ఏదైనా వరస కనిపిస్తుందేమోనని.

నీ,
గిల్బర్ట్


మార్స్‌బీ
డిసెంబరు 14

ప్రియమైన గిల్బర్ట్,

ఇంటిపేరు విషయంలో మహా పట్టింపు నీకు. ఆడపిల్లకి పెళ్ళయితే చచ్చినట్టేనా నీ పెట్టెలో? సరే, నీ పని, నీ పద్ధతి. సూచికలోంచి పదిహేడుమంది పెల్‌గార్త్ వధువుల పేర్లు, సంవత్సరాలు ఇందులో పెట్టాను. ఫ్రాన్సెస్ 1851, కెజియా 1858, షార్లట్ 1883, అలా. గీతలు కొట్టుకో.

ఖనన రిజిస్టరు కూడా చూశాను. నువ్వు రాసిన అంకెలే ఇక్కడా ఉన్నాయి. 47, 52, 45. మన ఊళ్ళో ఎనభై ఏళ్ళకి తక్కువైతే చావుకి ఒప్పుకోని ముసలాళ్ళు ఉన్నారు కదా, వాళ్ళ మధ్య మీ వాళ్ళే తొందరపడ్డారు.

సమాధులు తవ్వే జేబెజ్ గుర్తున్నాడా? ఎనభై రెండేళ్ళు. పార ఇంకా వదల్లేదు. నేను రాళ్ళ మీద పేర్లు రాసుకుంటుంటే వచ్చి నిలబడ్డాడు.

"ఎవరి కోసమమ్మా, పెల్‌గార్తుల కోసమా?"

"అవును. ఎందుకలా చూస్తావ్?"

"మా నాయన చెప్పేవాడు, ఆళ్ళు చుక్క తాగకుండానే తూలేవోళ్ళని. చేతులూ కాళ్ళూ ఎవరో తాడు కట్టి లాగినట్టు ఎగిరేవంట. పెల్‌గార్త్ నడక అనేవోరు. పెట్టెలో పెట్టి మేకులు కొట్టాకగానీ ఆ కాళ్ళు ఊరుకునేవి కావంట."

"చాల్లే, పండగ ముందు భయపెట్టకు."

"భయమెందుకమ్మా నీకు? నువ్వు ఆళ్ళమ్మాయివి కాదుగా" అని పార భుజాన వేసుకుని పోయాడు.

నిన్ను భయపెట్టాలని రాయలేదు. దాచడమూ నా వల్ల కాదు. మీ నాన్న యుద్ధంలో, ఫ్రాన్స్‌లో గుండు తగిలి ఇరవై ఏడేళ్ళకే పోయాడు. మీ తాత నలభై ఒకటికి కాలవలో పడి పోయాడు. వాళ్ళకేమీ లేదు.

క్రిస్మస్‌కి ఎండుద్రాక్ష రొట్టె పంపుతున్నాను. ఒక మూల చితికింది, చేయి జారింది. ఆ గది చలి ఇంటిదాకా వెంటబడి వస్తోంది.

నీ,
మ్యూరియల్


లెస్టర్
1982 ఫిబ్రవరి 9

ప్రియమైన మ్యూరియల్,

రెండు కబుర్లు ఒకే వారంలో వచ్చాయి. ఏది ముందు రాయాలో తెలియక రెండు రోజులు కాగితం ముందు కూర్చున్నాను.

సీలియా గర్భవతి. సెప్టెంబరులో ప్రసవం. నా భుజం మీద తల పెట్టి ఏడ్చి, నవ్వి, మళ్ళీ ఏడ్చింది.

రెండోది డర్హమ్ నుంచి. నోరా పెల్‌గార్త్ అనే ఆవిడ భర్త పోయిన ఏడాది నలభై ఎనిమిదికి పోయాడు. పదేళ్ళు తీసుకుని తీసుకుని పోయాడట. మొదట చేతిలోంచి వస్తువులు జారేవి. తర్వాత కోపం. తర్వాత నడక. ఆఖరికి సొంత పిల్లల్ని గుర్తుపట్టలేదు. అక్కడి ఆసుపత్రి డాక్టరు ఆ జబ్బుకి పేరు చెప్పాడట, మొదట దాని గురించి రాసిన డాక్టరు పేరే పెట్టారు. ఇది రక్తంలో వస్తుంది. ఉన్నవాళ్ళ పిల్లల్లో సగానికి సగం మందికి వస్తుంది. మగవాళ్ళ నుంచీ వస్తుంది, ఆడవాళ్ళ నుంచీ వస్తుంది. ముందుగా కనిపెట్టే పరీక్ష లేదు. మందు లేదు.

నేను ఇక్కడి డాక్టరుని అడిగాను. "మీకు అరవై మూడు కదండీ, ఈపాటికి వచ్చి ఉండేది" అన్నాడు. "కచ్చితంగా చెప్పగలరా?" అన్నాను. "అరవై దాటాక మొదలైన వాళ్ళనీ చూశాను" అన్నాడు. అంతే. మా తాత కాలవలో ఊరికే పడ్డాడా, తూలి పడ్డాడా? రోజూ పొద్దున అద్దం ముందు చేతులు చాచి నిలబడుతున్నాను. వణుకుతున్నట్టే ఉంటుంది, భయానికి.

గోడ మీద ఇప్పుడు పద్నాలుగు నల్లసూదులు. పక్కనే నా ఎర్రది, పెళ్ళయినా పెట్టెలో పడెయ్యలేక గుచ్చిన సీలియాది. నా పాపానికి నేను తయారుచేసుకున్న పటం ఇది. సీలియాకి చెప్పాలా వద్దా?

గిల్బర్ట్


మార్స్‌బీ
ఫిబ్రవరి 13

ప్రియమైన గిల్బర్ట్,

చెప్పకు. నేను ఆ జొసాయా బాప్తిస్మం వెతికేదాకా నోరు విప్పకు. మీ ఇంటిపేరుతో వెతికి దొరకలేదు, ఏ పేరు కింద పుట్టాడో, కాబట్టి ఇక పేరు చూడను. 1830 నుంచి ఒక్కో వరసా చదువుకుంటూ వస్తాను. రోజుకి రెండు పేజీలు అవుతాయి, నా కళ్ళకీ చేతికీ అంతే సాధ్యం.

నీకొకటి చెప్పాలి. నలభై మూడేళ్ళుగా దాచాను. 1938లో నువ్వు పెళ్ళి మాట అడిగినప్పుడు వద్దన్నది నేను కాదు. నేను జవాబు చెప్పేలోపే వంటింట్లో అమ్మ నా జబ్బ పట్టుకుని, "ఎవరినైనా చేసుకోవే, ఆ పేరుగలవాణ్ణి మాత్రం వద్దు. నా మీద ఒట్టు" అంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. అమ్మది నదికి అవతల సాల్ట్‌మియర్ కదా, రాగ్ వాళ్ళ అమ్మాయి. పెల్‌గార్తులంటే ఆవిడకి ఎందుకంత భయమో నాకు అర్థం కాలేదు. ఊళ్ళో వాళ్ళ మాటలు విందనుకున్నాను. నాన్న పోయాక బెంగతో తనే నరాల జబ్బు చేసి, కుర్చీలో కాళ్ళు ఆడిస్తూ ఎనిమిదేళ్ళు గడిపిన మనిషిని నేనేం నిలదీయను?

నాకు నచ్చలేదనుకుని నువ్వు లెస్టర్ వెళ్ళిపోయావు. నచ్చావు. అది కూడా రాసేశాను, ఇక చించను.

నీ,
మ్యూరియల్


లెస్టర్
ఏప్రిల్ 16

ప్రియమైన మ్యూరియల్,

జరగకూడనిది జరిగిపోయింది.

ఈస్టర్ ఆదివారం సీలియా, అల్లుడు భోజనానికి వచ్చారు. పటం తీసేద్దామనుకుని, తీస్తే ఎందుకు తీశావని అడుగుతుందేమోనని అలాగే ఉంచాను. తెలివితక్కువ వెధవని. గొర్రె మాంసం కోస్తుంటే వెనక నుంచి, "నాన్నా, నల్లవి ఏంటి?" అంది.

"అవా? పాతవి" అన్నాను.

"పాతవైతే చెయ్యెందుకు వణుకుతోంది నీకు?"

నాకు అబద్ధం చేతకాదని నీకు తెలుసు. అంతా చెప్పేశాను, కత్తి చేతిలో పట్టుకుని, మాంసం చల్లారిపోతుంటే. అది నోరా ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదివింది. మడిచింది. "నాకు తెలియకుండా ఫిబ్రవరి నుంచి ఇది నీ దగ్గరుందా?" అని మాత్రం అడిగింది. అప్పటి నుంచి నాతో మాట్లాడలేదు.

నిన్న అల్లుడు వచ్చాడు. గర్భం తీయించుకోవడానికి వచ్చే గురువారం, ఇరవై రెండున, ఆసుపత్రిలో తారీకు ఇచ్చారు. "తనకి ఇష్టం లేదండీ. కానీ ధైర్యమూ లేదు" అని గుమ్మంలో నిలబడే ఏడ్చాడు ఆ పిల్లాడు.

ఏమైనా దొరికిందా మ్యూరియల్? నీ ఉత్తరం రాక రెండు నెలలు దాటింది. దొరక్కపోతే దొరకలేదనైనా రాయి.

గిల్బర్ట్


లెస్టర్
ఏప్రిల్ 24

నా ప్రియమైన, బంగారు మ్యూరియల్,

మంగళవారం నువ్వు ఫోన్ బూత్‌లోంచి అరిచిన మాటలు ఇంకా నా చెవిలోనే ఉన్నాయి. "జొసాయా దొరికాడు! పెల్‌గార్త్ కాడు!" లైను తెగిపోయే ముందు చెప్పింది చాలు. నువ్వు పంపిన నకలు కూడా నిన్న అందింది. 1837. నీళ్ళలో మునిగి చనిపోయిన విలియం కట్స్‌కీ, అతని భార్య ఆన్‌కీ పుట్టిన కొడుకు జొసాయా. రెండేళ్ళ తర్వాత ఆన్ పిల్లాణ్ణి చంకనేసుకుని ఏమస్ పెల్‌గార్త్‌ని చేసుకుంది. జనాభా లెక్కలవాడు వచ్చేసరికి పిల్లాడు కూడా పెల్‌గార్త్ అయిపోయాడు. మారుతండ్రి పేరు తప్ప వాళ్ళ రక్తం నాలో చుక్క కూడా లేదు!

ఆ మంగళవారం సాయంత్రమే సీలియా ఇంటికి పరిగెత్తాను. తలుపు తీయలేదు. ఉత్తరాలు వేసే సందులోంచి అరిచాను, వీధి వీధంతా విన్నది. తలుపు తీసింది. గురువారం మేం ముగ్గురం ఆసుపత్రికి పోలేదు, పార్కుకి పోయి ఐస్‌క్రీం తిన్నాం.

ముప్ఫై ఒక్క సూదులతో వంశం వంశమని కొట్టుకున్నాను, తీరా చూస్తే ఆ వంశం నాది కానే కాదు. ఇంత సంతోషంగా ఎవడైనా ఇంటిపేరు పోగొట్టుకున్నాడా? పాపం మీ అమ్మ. వట్టి పేరుకి భయపడింది. పిచ్చి అమ్మాయ్, నన్ను చేసుకుని ఉంటే మనకి ఏ భయమూ ఉండేది కాదు.

ఆడపిల్ల పుడితే మ్యూరియల్ అని పెడుతుందట. టైపు మిషను ఎప్పుడు కొన్నావు? నకలు టైపు చేసి ఉంది.

నీ,
గిల్బర్ట్ కట్స్ (నవ్వుకో)


లెస్టర్
మే 30

ప్రియమైన మ్యూరియల్,

రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. 1938 గురించి నేను రాసింది నొప్పించిందా? ముసలి వెర్రి అనుకుని వదిలెయ్. బాగున్నానని ఒక్క ముక్క చాలు.

గిల్బర్ట్


మార్స్‌బీ
జూన్ 13

ప్రియమైన గిల్బర్ట్,

నువ్వు నొప్పించలేదు. అది చాలాసార్లు చదువుకున్నాను.

రేపు వ్యాను వస్తుంది. ఇవాళ ఆఖరిసారి ఆ పెట్టె తెరిచి, రిజిస్టర్లని పాత దుప్పట్లలో చుట్టి వచ్చాను. అవి వెళ్ళిపోయేలోగా నీకు మిగతా సగం చెప్పాలి. ఫోన్ లైను తెగలేదు. నాణేలు అయిపోయాయని నువ్వనుకున్నావు. ఇంకా మూడు నా పిడికిట్లోనే ఉన్నాయి. నేనే పెట్టేశాను.

ఆడవాళ్ళ నుంచి కూడా వస్తుందని నువ్వు ఫిబ్రవరిలో రాశావు కదా. నాకు నీ అట్టపెట్టె గుర్తొచ్చింది. అందులో గీత కొట్టి పడేసిన పదిహేడుమంది ఎవరిళ్ళకి వెళ్ళారు? వాళ్ళ పిల్లలకి ఎవరు చెబుతారు? జొసాయా కోసం వరసలు చదువుతూనే, మధ్యలో ఒకరోజు నువ్వు తెరవొద్దన్న పెళ్ళిళ్ళ పుస్తకం తెరిచాను. మొగుళ్ళ పేర్లు రాసిపెడితే నీకు పనికొస్తాయనుకున్నాను. అది ఏప్రిల్ పంతొమ్మిది, సోమవారం.

1883. షార్లట్ పెల్‌గార్త్, ఈ ఊరి కన్య, రూబెన్ కూతురు. వరుడు థామస్ రాగ్, సాల్ట్‌మియర్.

ఆ థామస్ రాగ్ మా తాత, అమ్మ వాళ్ళ నాన్న. చిన్నప్పుడు నేను అమ్మమ్మ అని పిలిచింది ఆయన రెండో భార్యని. మొదటి ఆవిడ అమ్మ పుట్టిన రెండేళ్ళకి, రెండో కాన్పులో పోయిందని మాత్రం విన్నాను. ఇరవై నాలుగేళ్ళు. జబ్బు బయటపడేంత కాలం ఆవిడ బతకలేదు. పేరు ఎవరూ చెప్పలేదు. రూబెన్ ఖననం నేనే నీకు రాసి పంపాను, 52 ఏళ్ళు. అప్పటికి అమ్మకి ఎనిమిదేళ్ళు. సొంత తాత నడక చూసే ఉంటుంది.

అమ్మ వట్టి పేరుకి భయపడలేదు గిల్బర్ట్. తనలో ఉన్నదేదో తెలిసే భయపడింది. నీలోనూ అదే ఉందనుకుని, రెండూ కలవకూడదని నాచేత ఒట్టు వేయించుకుంది. నీలో అది లేనే లేదు. నన్ను కాపాడాలని చూసి అంత మంచి మనిషిని గుమ్మంలోంచి పంపేశాం.

ఆ సోమవారం పుస్తకం మూసేసి ఇంటికొచ్చాను. ఇక తెరవకూడదనుకున్నాను. సీలియా గుర్తొచ్చింది. గురువారానికి మూడే రోజులు. మర్నాడు మళ్ళీ వెళ్ళి మిగిలిన పేజీలు చదివాను, జొసాయా దొరికాడు. నీకు ఫోన్ చేసినప్పుడు నువ్వు సంతోషంతో ఏడుస్తుంటే ఆ రెండో సంగతి నా నోట రాలేదు.

మొన్న మన పక్క పట్నం బాస్టన్‌లో ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు కుర్రవాడు. నాలుక బయటపెట్టి ఉంచమన్నాడు, అది ఆగలేదు. గీత మీద నడవమన్నాడు.

"ఇంట్లో ఎవరికైనా ఇలా ఉండేదా అండీ?"

"మా అమ్మకి. బెంగ అనుకున్నాం."

"ఆమె తరఫున ఇంకెవరికైనా?"

"నా దగ్గర మొత్తం పట్టిక ఉంది బాబూ, 1702 నుంచి" అన్నాను. పెన్ను కిందపెట్టి నా వంక చూశాడు.

ఆ గది చలి కాదు. కళ్ళజోడు కాదు. రొట్టె చితికింది అందుకే, టైపు మిషను కొన్నదీ అందుకే. అరవై రెండేళ్ళకి మొదలైంది కాబట్టి నెమ్మదిగా నడుస్తుందేమో అన్నాడు. నా సంగతి నాకు బెంగ లేదు. కోపం ఉంది, చాలా ఉంది, అది వేరే.

రాబిన్‌కి ముప్ఫై ఆరు. వాడి పిల్లలకి తొమ్మిది, ఆరు. కోడలు మూడోసారి నెల తప్పిందని మే మొదటి వారంలో ఉత్తరం వచ్చింది. అభినందనలు రాసి పంపాను, ఇంకేమీ రాయలేకపోయాను. నీకు జవాబు రాయనిది కూడా అప్పటి నుంచే. వచ్చే ఆదివారం వాళ్ళు భోజనానికి వస్తున్నారు. వాడికి నేను చెప్పాలి. మా అమ్మలాగా దాచి చచ్చిపోవడం నాకు ఇష్టం లేదు.

అందుకని నాకొక సాయం చెయ్యి. నువ్వు సీలియాకి ఎలా చెప్పావో వివరంగా రాయి. ఏ మాట ముందు అన్నావు, ఏ మాటకి దాని ముఖం మారింది, ఏది అనకుండా ఉంటే బాగుండేది. నీకంటే ఈ సంగతి తెలిసినవాళ్ళు నాకెవరూ లేరు. శనివారంలోగా అందేలా పోస్టు చెయ్యి. నువ్వే వచ్చి పక్కన కూర్చుంటే ఇంకా మంచిది. మాంసం నువ్వే కోయాలి, నా చేతికి కత్తి ఇవ్వలేం.

ఆ అట్టపెట్టె మళ్ళీ తెరువు. పదిహేడు చీటీలు. మొగుళ్ళ పేర్లన్నీ ఇందులో పెట్టాను. ఒక్కొక్కరికీ రాయాలి, మెల్లగా, ముందు ఏం రాయాలో ఆలోచించి. ఇక మార్స్‌బీ దగ్గర ఒక సూది గుచ్చు. ఏ రంగో నీకు తెలుసు. గ్రిమ్స్‌బీ దగ్గర నాలుగు గుచ్చు, రాబిన్‌కి ఒకటి, పిల్లలకి రెండు, పుట్టబోయేవాళ్ళకి ఒకటి. వాటిని మాత్రం ఎర్రగానే ఉంచు.

సంతకం చేత్తోనే పెడుతున్నాను. కోడి గీకినట్టుంటే నవ్వుకో.

నీ,
మ్యూరియల్
షార్లట్ పెల్‌గార్త్ మనవరాలు